కొండ పల్లెల పునరుజ్జీవనానికి జీఐఎస్: అంచెలవారీ సమగ్ర మార్గదర్శి

మైదానపు పటాన్ని చదివిన అలవాటుతోనే కొండ ప్రాంతపు పటాన్ని చదివితే మూడు చోట్ల పొరబాటు జరుగుతుంది. పటం మీద పక్కపక్కనే కనిపించే రెండు పల్లెల మధ్య లోతైన లోయ ఉంటే, వాటి మధ్య దూరాన్ని కిలోమీటర్లలో కాక నడకకు పట్టే సమయంలో కొలవాలి. పటం చూపే విస్తీర్ణం పైనుంచి చూసిన నీడ మాత్రమే కాబట్టి, వాలు తెలియకుండా నేల విలువ తేలదు. ఇక కాగితం మీది గ్రామ సరిహద్దుకూ, నీళ్లు ఏ వైపు పారాలో నిర్ణయించే గట్టుకూ చాలాసార్లు సంబంధమే ఉండదు. దూరాన్ని సమయంగా, విస్తీర్ణాన్ని వాలుగా, సరిహద్దును నీటి గట్టుగా మార్చి చూపడమే కొండ ప్రాంతాల్లో జీఐఎస్ (స్థల సమాచారాన్ని పటం మీద పొరలు పొరలుగా పేర్చి విశ్లేషించే కంప్యూటర్ వ్యవస్థ) వల్ల కలిగే అసలు ప్రయోజనం. కింది అంచెలన్నీ ఆ మార్పును ఎలా సాధించాలో చెప్పేవే.

మొదటి అంచె: ప్రశ్నను రాసుకోవడం, హద్దు గీసుకోవడం

“ఈ కొండ ప్రాంతాన్ని అభివృద్ధి చేయాలి” అనేది కోరికే తప్ప జీఐఎస్ జవాబివ్వగల ప్రశ్న కాదు. “వానాకాలంలో ఆరోగ్య కేంద్రానికి గంటలోపు నడిచి చేరలేని ఇళ్లు ఎన్ని, అవి ఎక్కడున్నాయి?”, “పదేళ్లుగా సాగు మానేసిన మెట్ల పొలాల్లో ఇప్పటికీ ఊట నీరు అందే అవకాశమున్నవి ఏవి?”, “కొత్త ఇళ్లకు అనువైన, చరియలు విరిగిపడే ముప్పు లేని చోటు ఈ లోయలో మిగిలి ఉందా?” వంటివి ప్రశ్నలు. ఇలాంటివి మూడో నాలుగో రాసుకుంటే ఏ సమాచార పొరలు కావాలో వాటంతట అవే తేలిపోతాయి. ప్రశ్న లేకుండా దొరికిన ప్రతి పొరనూ దించుకుంటూ పోయే అలవాటు ఈ రంగంలో కొత్తవారికే కాదు, పాతవారికీ ఉంది. నెల గడిచాక చూసుకుంటే చేతిలో నలభై పొరలుంటాయి గానీ ఒక్క నిర్ణయమూ ఉండదు.

అధ్యయన ప్రాంతపు హద్దును గ్రామ సరిహద్దు దగ్గరే ఆపకూడదు. ఆ గ్రామంలోకి నీరు ఏ కొండల మీంచి దిగుతుందో ఆ పరీవాహక ప్రాంతాన్నంతా కలుపుకోవాలి. జనం వెళ్లే బడి, సంత, ఆసుపత్రి సరిహద్దుకు అవతల ఉంటే అక్కడిదాకా హద్దును జరపాలి.

రెండో అంచె: పనిముట్లు, కొలతల పద్ధతి

సాఫ్ట్‌వేర్ కోసం డబ్బు ఖర్చు చేయనక్కర లేదు. 2002లో మొదలైన క్యూజీఐఎస్ ఉచితం. 1982 నుంచి ఎదుగుతూ వచ్చిన గ్రాస్ అనే మరో ఉచిత జీఐఎస్ సాఫ్ట్‌వేర్ లోని నీటి ప్రవాహ, నడక సమయ పరికరాలను దాని లోపలి నుంచే వాడుకోవచ్చు. పొరలను షేప్‌ఫైల్ అనే పాత ఫైలు రూపంలో కాక జియోప్యాకేజ్ అనే కొత్త రూపంలో భద్రపరచడం మేలు, ఎందుకంటే షేప్‌ఫైల్‌లో నిలువు వరుస పేరు 10 అక్షరాలకు మించదు, తెలుగులో రాసిన ఊరి పేర్లు చాలాసార్లు చెదిరిపోతాయి.

అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది ప్రొజెక్షన్, అంటే గుండ్రటి భూమిని చదునైన పటం మీదికి మార్చే పద్ధతి. ఉచితంగా దొరికే ఎత్తుల సమాచారం సాధారణంగా అక్షాంశ రేఖాంశాల డిగ్రీల్లో వస్తుంది, ఎత్తు మాత్రం మీటర్లలో ఉంటుంది. దాన్ని యథాతథంగా వాలు లెక్కించే పరికరానికి ఇస్తే, అది అడ్డు దూరాన్నీ మీటర్లే అనుకుని కొండలన్నిటినీ 90 డిగ్రీలకు దగ్గరగా, నిట్టనిలువు గోడల్లా చూపిస్తుంది. మొదటిసారి ఈ పటం నా ముందు తెరుచుకున్నప్పుడు, అక్కడి మనుషులు తాళ్లు పట్టుకుని బతుకుతున్నారా అనిపించింది. తప్పు నాదేనని తెలియడానికి ఒక పూట పట్టింది. అందుకే ముందుగా ఆ ప్రాంతానికి తగిన యూటీఎం మండలంలోకి సమాచారాన్ని మార్చుకోవాలి. భూగోళాన్ని 6 డిగ్రీల చొప్పున 60 మండలాలుగా విభజించిన ఈ పద్ధతిలో కొలతలు మీటర్లలో ఉంటాయి. మార్చేటప్పుడు మరో జాగ్రత్త అవసరం. ఎత్తుల రాస్టర్‌కు (పిక్సెళ్లనే చిన్న గళ్లుగా విలువలు నింపిన పటానికి) చుట్టుపక్కల గళ్ల నుంచి కొత్త విలువను లెక్కగట్టే బైలీనియర్ లేదా క్యూబిక్ పద్ధతిని ఎంచుకోవాలి. సమీప పిక్సెల్ పద్ధతిని ఎంచుకుంటే వాలు పటంలో లేని చారలు పుట్టుకొస్తాయి. అడవి, పొలం, బీడు వంటి వర్గాలున్న భూ వినియోగ పటానికి మాత్రం సమీప పిక్సెల్ పద్ధతే వాడాలి, లేకపోతే అడవికీ చెరువుకూ సగటు కట్టి ఏదీ కాని వర్గాన్ని తయారుచేస్తుంది.

మూడో అంచె: ఎత్తుల నమూనా నుంచి వాలు, దిక్కు

2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక నుంచి 11 రోజుల పాటు రాడార్‌తో కొలిచిన ఎస్ఆర్‌టీఎం సమాచారం, ఆ తర్వాతి తరానికి చెందిన ఐరోపా వారి కోపర్నికస్ ఎత్తుల నమూనా, రెండూ సుమారు 30 మీటర్ల పిక్సెల్‌తో ఉచితంగా లభిస్తాయి. రెండింటికీ ఒకే బలహీనత ఉంది. రాడార్ కొలిచేది నేలను కాదు, నేల మీద కనిపించే ఉపరితలాన్ని. దట్టమైన అడవిలో ఆ ఎత్తు చెట్ల తలల ఎత్తుకు దగ్గరగా ఉంటుంది. అడవి అంచున వాలు హఠాత్తుగా పెరిగినట్టు కనిపిస్తే అక్కడ కొండ ఉందో, చెట్ల వరుస ఉందో చూసుకోవాలి.

30 మీటర్ల పిక్సెల్ అంటే 900 చదరపు మీటర్ల నేలకు ఒకే ఒక ఎత్తు. మూడు నాలుగు మీటర్ల వెడల్పుండే మెట్ల పొలాలు ఇందులో కనిపించవు. మెట్లన్నీ కలిసి ఒకే నున్నని వాలుగా తేలుతాయి. కాబట్టి లోయ మొత్తానికి ప్రణాళిక వేయడానికి ఈ సమాచారం సరిపోతుంది గానీ, ఒక ఇంటి పునాదికో, ఒక రోడ్డు మలుపుకో పనికిరాదు. అంత దగ్గరి పనికి డ్రోన్ సర్వే గానీ, చెట్ల సందుల్లోంచి లేజర్ కిరణాలతో నేలను తాకగల లైడార్ గానీ కావాలి.

వాలును డిగ్రీల్లో చెబుతున్నామో, శాతంలో చెబుతున్నామో ప్రతి పటం మీదా రాయాలి. 45 డిగ్రీల వాలు అంటే 100 శాతం. 15 డిగ్రీలు అంటే సుమారు 27 శాతం. ఒక సంస్థ 30 అని రాసింది శాతమైతే, మరొకరు దాన్ని డిగ్రీలనుకుని ఇళ్ల స్థలాలు కేటాయిస్తే జరిగే నష్టం చిన్నది కాదు. వాలు ముఖం చూసే దిక్కు పటాన్ని కూడా ఇప్పుడే తీసిపెట్టుకోవాలి. ఉత్తరార్ధ గోళంలో దక్షిణం వైపు తిరిగిన వాలులకు ఎండ ఎక్కువ తగులుతుంది, తేమ త్వరగా ఆరుతుంది. దక్షిణార్ధ గోళంలో ఇది తిరగబడుతుంది. పంట ఎంపికకూ, సౌర ఫలకాలకూ, చలి ప్రాంతాల్లో ఇళ్లకూ ఈ పటం అక్కరకొస్తుంది.

నాలుగో అంచె: మనుషులు, ఇళ్లు, దారులు

అందరూ కలిసి తయారుచేసే ఉచిత పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో వాహనాల రోడ్లు చాలావరకు దొరుకుతాయి, కాలిబాటలు మాత్రం అరుదు. కొండల్లో బతుకు నడిచేది కాలిబాటల మీదే కనుక వాటిని ఊరివాళ్లతో కలిసి నడిచి, ఫోన్‌లో క్యూఫీల్డ్ వంటి యాప్‌తో నమోదు చేయడం తప్ప దగ్గరి దారి లేదు. ఇరుకు లోయల్లోనూ, గుబురు చెట్ల కిందా ఉపగ్రహ సంకేతాలు కొండ గోడలకూ, కొమ్మలకూ తగిలి వస్తాయి కాబట్టి ఫోన్ చూపే స్థానం పది ఇరవై మీటర్లు జరగవచ్చు; ముఖ్యమైన చోట కొన్ని నిమిషాలు నిలబడి సగటు తీసుకోవాలి.

ఇళ్లను నమోదు చేసేటప్పుడు కప్పులు లెక్కపెట్టి ఆగిపోకూడదు. ఉపగ్రహ చిత్రంలో కప్పు కనిపించిన ప్రతి ఇంట్లో మనుషులున్నారని కాదు. ఏడాది పొడవునా ఉండేవారు, పండుగలకు మాత్రమే వచ్చేవారు, తాళం పడి ఏళ్లు గడిచినవి అని మూడు రకాలుగా గుర్తించాలి. పునరుజ్జీవన ప్రణాళికకు ఇంతకంటే విలువైన పొర మరొకటి ఉండదని నా అభిప్రాయం; దీన్ని ఏ ఉపగ్రహమూ ఇవ్వలేదు.

ఐదో అంచె: దూరాన్ని సమయంగా మార్చడం

చాలా ప్రణాళికల్లో బడి చుట్టూ 3 కిలోమీటర్ల వృత్తం గీసి, లోపలున్న పల్లెలన్నిటికీ బడి అందినట్టే అని రాసేస్తారు. కొండల్లో ఆ వృత్తం అబద్ధం చెబుతుంది. లోయకు చెరో పక్కన, పటం మీద 700 మీటర్ల దూరంలో రెండు పల్లెలున్నాయనీ, ఒకదాని నుంచి 250 మీటర్లు దిగి, మళ్లీ 250 మీటర్లు ఎక్కితే గానీ రెండోది రాదనీ అనుకుందాం. గంటకు 5 కిలోమీటర్ల నడకకు తోడు ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు అదనంగా ఒక గంట కలపాలన్న నైస్మిత్ నియమం 1892 నుంచి వాడుకలో ఉంది. దాని ప్రకారం 700 మీటర్లకు 8 నిమిషాలు, ఎక్కుడుకు 25 నిమిషాలు కలిపి 33 నిమిషాలవుతుంది. బాట మెలికలు తిరుగుతుంది కనుక నిజానికి ఇంకా ఎక్కువే పడుతుంది. మైదానంలో అదే సమయంలో రెండున్నర కిలోమీటర్లకు పైగా నడవవచ్చు.

జీఐఎస్‌లో ఇంతకంటే సూక్ష్మమైన లెక్కకు 1993లో భూగోళ శాస్త్రవేత్త వాల్డో టోబ్లర్ ఇచ్చిన సూత్రం ఉపయోగపడుతుంది. వాలు మారేకొద్దీ నడక వేగం ఎలా మారుతుందో అది చెబుతుంది. చదునైన నేల మీద గంటకు సుమారు 5 కిలోమీటర్లు, 20 శాతం ఎక్కుడులో 2.5 కిలోమీటర్లు, అదే 20 శాతం దిగుడులో 3.5 కిలోమీటర్లు; 5 శాతం మెల్లని దిగుడులో అత్యధికంగా 6 కిలోమీటర్లు. బాట లేని చోట ఈ వేగాన్ని 0.6తో గుణించమని ఆయనే సూచించారు. అంటే 20 శాతం వాలున్న 2 కిలోమీటర్ల బాటలో దిగడానికి 34 నిమిషాలు, ఎక్కడానికి 48 నిమిషాలు పడుతుంది. పొద్దున బడికి దిగివెళ్లిన పిల్లవాడు సాయంత్రం ఎక్కి రావాలి కనుక రెండు దిశలకూ విడివిడిగా పటాలు తీయాలి. గ్రాస్‌లోని ఆర్.వాక్ పరికరం నైస్మిత్ నియమాన్ని విస్తరించిన సూత్రంతో ఈ దిశాభేదాన్ని లెక్కలోకి తీసుకుంటుంది.

చేయాల్సిన వరుస ఇది. ప్రతి పిక్సెల్‌ను దాటడానికి పట్టే సమయంతో ఒక రాస్టర్ తయారుచేయాలి. రోడ్డున్న పిక్సెళ్లకు వాహన వేగం, బాట ఉన్నవాటికి నడక వేగం ఇవ్వాలి. వంతెన లేని వాగును దాటలేని అడ్డుగా పెట్టాలి, వంతెన గానీ, ఎండాకాలంలో నడిచి దాటే చోటు గానీ ఉంటే అక్కడ మాత్రం ఆ అడ్డు తీసేయాలి. ఆ తర్వాత సేవా కేంద్రం నుంచి సంచిత సమయాన్ని, అంటే దారి పొడవునా కలుపుకుంటూ వచ్చే సమయాన్ని లెక్కించి, దాని మీద నాలుగో అంచెలో గుర్తించిన నివాస గృహాలను పరచాలి. ఆ పైన ఎండాకాలంలో మాత్రమే దాటగల ఆ చోట్లన్నిటినీ తీసేసి మొత్తం లెక్కను వానాకాలానికి మరోసారి నడపాలి. రెండు పటాల మధ్య తేడాయే చిన్న వంతెన ఎక్కడ కట్టాలో చూపుతుంది, అది చాలాసార్లు కొత్త రోడ్డు కంటే చవకైన జవాబు. ముసలివారికీ, రోగిని మోసుకెళ్లే వారికీ ఈ వేగాలు వర్తించవు. ఒకరిద్దరితో కలిసి నడిచి గడియారం చూసి, లెక్కను సవరించుకోవాలి.

ఆరో అంచె: నీరు

ఎత్తుల నమూనా నుంచి వాగుల జాలాన్ని తీసే పద్ధతి స్థిరపడినదే. ముందు రాస్టర్‌లోని తప్పుడు గుంటలను పూడ్చాలి. తర్వాత చుట్టూ ఉన్న ఎనిమిది పిక్సెళ్లలో ఏటవాలు ఎక్కువున్న వైపుకు నీరు పారుతుందని భావించి ప్రవాహ దిశను, ఆపైన ప్రతి పిక్సెల్‌కూ ఎగువ నుంచి ఎన్ని పిక్సెళ్ల నీరు చేరుతుందో చెప్పే ప్రవాహ సంచయాన్ని లెక్కించాలి. 1000 పిక్సెళ్లకు మించి చేరినచోట వాగు మొదలవుతుందని నిర్ణయిస్తే, 30 మీటర్ల రాస్టర్‌లో అది 90 హెక్టార్ల ఎగువ ప్రాంతానికి సమానం. ఈ అంకె దైవవాక్కు కాదు. తెలిసిన నాలుగైదు వాగుల పుట్టుక చోట్లతో సరిపోయేదాకా మార్చి చూడాలి.

అసలు చిక్కు ఊటల దగ్గర వస్తుంది. కొండ పల్లెలకు తాగునీరు ఎక్కువగా ఊటల నుంచే అందుతుంది, అవి ఎండిపోవడమే చాలాచోట్ల వలసకు తొలి కారణం. ఊటకు ఎగువన ఉన్న పరీవాహక ప్రాంతాన్ని జీఐఎస్‌తో గీసి, అక్కడ ఇంకుడు కందకాలు తవ్వితే సరిపోతుందని అనుకోవడం సహజం. కానీ నేల పైన పారే నీరు వాలును అనుసరిస్తే, నేల లోపలి నీరు రాతి పొరల వంపునూ, పగుళ్లనూ అనుసరిస్తుంది. రాతి పొరలు ఊట వైపు వంగి ఉంటే, ఆ ఊటను నింపే వాన కొండకు అవతలి పక్కన పడుతూ ఉండవచ్చు. అప్పుడు ఇవతలి వాలు మీద తవ్విన కందకాలు మరెవరి ఊటనో నింపుతాయి. అందుచేత ఊటల పొరతో పాటు భూవిజ్ఞాన పటాన్నీ, బయటపడిన రాళ్ల దగ్గర కొలిచిన పొరల వంపు దిశనూ కలిపి చూసిన తర్వాతే పని చోటు నిర్ణయించాలి.

ఊట ప్రవాహాన్ని కొలవడానికి బకెట్టూ గడియారమూ చాలు. 10 లీటర్ల బకెట్టు 40 సెకన్లలో నిండితే నిమిషానికి 15 లీటర్లు, రోజుకు 21,600 లీటర్లు. నెలకు రెండుసార్లు ఇలా కొలిచి, తేదీతో సహా ఊట బిందువుకు జతచేయాలి. ఎండాకాలపు కనిష్ఠ ప్రవాహం తెలియకుండా పైపులైన్ పొడవు నిర్ణయించడం వృథా.

ఏడో అంచె: చరియలు విరిగిపడే చోట్లు

గతంలో చరియలు విరిగిపడిన చోట్ల జాబితాతో మొదలుపెట్టాలి. పాత, కొత్త ఉపగ్రహ చిత్రాలను పోల్చి మచ్చలను గుర్తించి, ఊరి పెద్దలను అడిగి సంవత్సరాలు రాసుకోవాలి. ఆ తర్వాత వాలు, రాతి రకం, వాగు నుంచి దూరం, రోడ్డు కోత నుంచి దూరం వంటి ఒక్కో అంశానికీ చిన్న లెక్క వేయాలి: ఒక వర్గంలో పడ్డ చరియల శాతాన్ని, ఆ వర్గం ఆక్రమించిన నేల శాతంతో భాగించాలి. 25 నుంచి 35 డిగ్రీల వాలు మొత్తం నేలలో 20 శాతమే ఉండి, చరియల్లో 50 శాతం అక్కడే పడితే నిష్పత్తి 2.5 అవుతుంది, 1కి మించిన ప్రతిదీ హెచ్చరికే.

అయితే జాబితాలోకి ఎక్కేవి ఎక్కువగా రోడ్డు పక్కన పడినవి, ఎందుకంటే అవే జనం కళ్లబడతాయి, రాకపోకలను ఆపుతాయి. అడవి లోపల పడినవి ఎవరూ రాయరు. ఫలితంగా లెక్క రోడ్డునే ప్రధాన దోషిగా చూపి, అడవి వాలులను సురక్షితమని చెప్పవచ్చు. రోడ్డుకు దూరంగా ఉన్న వాలులను చిత్రాల్లో ప్రత్యేకంగా వెతికితే గానీ ఈ పక్షపాతం పోదు. తుది పటం స్థలాన్ని కాదనడానికి పనికొస్తుంది గానీ, ఔనని చెప్పడానికి చాలదు. ఇల్లు కట్టే ముందు నిపుణుడు ఆ నేల మీద నిలబడి చూడాల్సిందే.

ఎనిమిదో అంచె: బీడు పడ్డ పొలాలను గుర్తించడం

2015లో మొదలై, 2017లో రెండో ఉపగ్రహం చేరిన సెంటినెల్-2 చిత్రాలు 10 మీటర్ల స్పష్టతతో ఐదు రోజులకోసారి వస్తాయి. అంతకు ముందరి దశాబ్దాల కోసం అమెరికా ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాల భాండాగారాన్ని వాడుకోవచ్చు. పచ్చదనాన్ని కొలిచే ఎన్‌డీవీఐ సూచికను ఒకే తేదీ చిత్రంతో చూస్తే సాగు పొలమూ, పొదలు పెరిగిన బీడూ ఒకేలా పచ్చగా కనిపిస్తాయి. ఏడాది పొడవునా గీత గీస్తే తేడా తెలుస్తుంది. దున్నినప్పుడు పడిపోయి, పైరు పెరిగినప్పుడు లేచి, కోత తర్వాత మళ్లీ పడిపోయేది సాగు పొలం. దున్నడం, కోత అనే ఆ నిట్ట పతనాలు వరుసగా మూడు నాలుగేళ్లు కనిపించకపోతే అది బీడు పడి ఉండాలి. నేలను కొన్నేళ్లు కావాలనే ఖాళీగా వదిలి పడావు వేయడం ఆనవాయితీగా ఉన్నచోట ఈ గడువును ఇంకా పెంచాలి.

సెంటినెల్-2 పొద్దున పదిన్నర ప్రాంతంలో పైనుంచి వెళుతుంది కనుక ఉత్తరార్ధ గోళంలో వాయవ్యం వైపు తిరిగిన నిట్టవాలులు చలికాలంలో నీడలో ఉంటాయి. ఆ పిక్సెళ్లను ముందుగానే పక్కన పెట్టాలి.

తొమ్మిదో అంచె: అనువైన స్థలం ఎంపిక

ఇప్పటిదాకా వచ్చిన పొరలకు మార్కులు, బరువులు ఇచ్చి కలపడం అందరికీ తెలిసిన పద్ధతే, తప్పులు జరిగేదీ అక్కడే. ఇళ్ల స్థలానికి వాలుకు 40, రోడ్డుకు 30, నీటికి 30 శాతం బరువు ఇచ్చామనుకుందాం. 35 డిగ్రీల నిట్టవాలు మీదున్న ఒక చోటికి వాలులో 10కి సున్నా, రోడ్డుకూ నీటికీ పదేసి మార్కులొస్తే మొత్తం 6.0. 12 డిగ్రీల వాలున్న మరో చోటికి వాలులో 7, మిగతా రెండింటిలో అయిదేసి వస్తే మొత్తం 5.8. అంటే ఎవరూ ఇల్లు కట్టకూడని నిట్టవాలు, కట్టదగిన చోటును ఓడించేసింది. కాబట్టి నిట్టవాలు, చరియల ముప్పు, వాగు గట్టు, రక్షిత అడవి వంటి రాజీపడకూడని షరతులను ముందే వడపోసి తీసేయాలి. మిగిలిన నేలకే మార్కులు వేయాలి.

బరువులను ఒక్కరే కూర్చుని నిర్ణయించకూడదు. రెండేసి అంశాలను పోల్చి చూసే ఏహెచ్‌పీ పద్ధతిలో ఊరివారి తీర్పులను అంకెలుగా మార్చవచ్చు. వాటి పొంతన నిష్పత్తి (ఒక తీర్పు మరో తీర్పుకు ఎంత అడ్డం తిరుగుతుందో చెప్పే అంకె) 0.10 లోపు ఉండేట్టు చూసుకోవాలి. ఆడవాళ్లూ మగవాళ్లూ వేరువేరుగా కూర్చుని పోల్చితే నీటికిచ్చే బరువు ఎంత మారుతుందో గమనించడం విలువైన పాఠం. చివరగా ఒక్కో బరువునూ పదేసి శాతం అటూ ఇటూ జరిపి లెక్కను మళ్లీ నడపాలి. ఎలా జరిపినా ముందు వరుసలో నిలిచే చోట్లనే ప్రతిపాదించాలి.

పదో అంచె: ఊరి ముందు పరచడం, ఫలితాన్ని కొలవడం

ఒకే ఎత్తున్న చోట్లను కలిపే సమోన్నత రేఖల పటం చాలామందికి అర్థం కాదు. ఆ రేఖల వెంబడి అట్టలు కత్తిరించి ఒకదాని మీద ఒకటి అంటించి చేసిన కొండ నమూనా ముందు కూర్చుంటే మాత్రం, చదువు రానివారు కూడా తమ ఇంటినీ, ఊటనూ, పశువులు మేసే వాలునూ వేలు పెట్టి చూపిస్తారు. వారు దిద్దిన తప్పులను పొరల్లోకి ఎక్కించిన తర్వాతే ప్రణాళికను ఖరారు చేయాలి. భూ తగాదాలు, అరుదైన ఔషధ మొక్కల చోట్లు, పవిత్ర స్థలాలు ఉన్న పొరలను వారి సమ్మతి లేకుండా బయట పెట్టకూడదు.

పనులు మొదలయ్యాక ఏటా ఒకే నెల చిత్రాలనే పోల్చాలి. ఇంకుడు కందకాల వల్ల ఊట పెరిగిందని చెప్పాలంటే ఆ ఊట కొలతలు మాత్రమే చాలవు. ఆ ఏడాది వానే ఎక్కువ పడి ఉండవచ్చు. అందుకని ఏ పనీ చేపట్టని పక్క లోయ ఊటను కూడా అదే రోజున, అదే బకెట్టుతో కొలిచి, వాన లెక్కతో పాటు రెండింటినీ ఒకే పట్టికలో నమోదు చేయాలి.